బస్కీ తీసే తీరు

గామా పహిల్వాన్ కథ ఎవరు చెప్పినా లెక్కలతోనే మొదలుపెడతారు. 1888లో జోధ్‌పూర్ మహారాజు పెట్టిన బైఠక్‌ల (బస్కీల) పోటీలో, నాలుగు వందల మందికి పైగా మల్లుల నడుమ, పదేళ్ల గామా చివరి పదిహేను మందిలో నిలిచాడని చెబుతారు. 1910లో లండన్‌లో పోలెండ్ మల్లుడు జిబిస్కో అతని ముందు రెండున్నర గంటలు నేలను కరుచుకుని పడుకోవలసి వచ్చింది. విజయనగరంలో తయారైన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడి రోజుల్లో మన తాలింఖానాల్లోనూ దండీలు, బస్కీలే సాధనకు పునాది.

ఆ లెక్కలు మనకు గుర్తుండిపోయి, తీసే తీరు మరుగున పడిపోవడం నన్ను బాధపెడుతుంది. మెత్తటి మట్టిలో పహిల్వాన్ మడమలు లేపి, చేతులు ఊపుతూ, జోరుగా కూర్చుని లేస్తాడు. ఏళ్ల సాధనతో గట్టిపడిన మోకాళ్లకు అది చెల్లుతుంది. కొత్తవాళ్లు మాత్రం మడమలు నేలకు ఆనించే మొదలుపెట్టాలి.

పాదాలు భుజాలంత ఎడంగా, వేళ్లు కాస్త బయటికి తిప్పి నిలబడండి. వెనక పీట ఉన్నట్టు తుంటిని వెనక్కి జరుపుతూ మోకాళ్లు వంచండి. పాదం ఎటు చూస్తే మోకాలూ అటే సాగాలి. అది లోపలికి వాలిందంటే కాళ్లు అలసిపోయినట్టే, అక్కడితో ఆపేయండి. నడుము గూని పడనంత లోతు దిగితే చాలు. దిగుతూ ఊపిరి పీల్చి, లేస్తూ వదలండి.

మోకాలు కాలివేళ్లను దాటకూడదని జిమ్‌లలో గట్టిగా చెబుతుంటారు. లోతైన బస్కీల మీద భయం కొత్తదేమీ కాదు. వాటివల్ల మోకాలి లిగమెంట్లు సడలుతాయని టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ క్లైన్ 1961లో రాశాడు. ఆ మాట తర్వాతి పరిశోధనల్లో నిలబడలేదు. 2003లో ఆండ్రూ ఫ్రై బృందం, భుజాన బరువుతో బస్కీలు తీస్తున్నవాళ్ల మోకాళ్లు వేళ్లను దాటకుండా ముందు చెక్క అడ్డుపెట్టి చూసింది. మోకాలి మీద భారం కొంత తగ్గింది గానీ తుంటి మీద ఎన్నో రెట్లు పెరిగింది. కాళ్లు పొడవైనవాళ్లకు మోకాలు వేళ్లను కాస్త దాటడం సహజం. మడమ లేవకుండా ఉందా లేదా అన్నదే చూసుకోవాలి.

మొదటి వారాల్లో గోడకు ఆనించిన కుర్చీ అంచును తాకి లేవడం మంచి పద్ధతి. నిదానంగా పది తీసి, ఆగి, మళ్లీ పది. అవి తడబాటు లేకుండా వచ్చాక కుర్చీకి బదులు ఎత్తు తక్కువ పీట పెట్టుకోవచ్చు. మోకాలి నొప్పి ముందే ఉన్నవాళ్లు వైద్యుణ్ని అడిగి మొదలుపెట్టాలి.