లంబసింగి చలి తోటలు

అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగి పరిసరాల్లో, కొద్ది నెలలే ఉండే చలిని నమ్ముకుని సాగే తోటలివి. హిమాలయాల ఎత్తైన ప్రాంతాల్లో మంచు కరిగిన తరువాత వచ్చే కొద్దిపాటి వెచ్చదనమే సాగు కాలం కాగా, ఇక్కడ వరుస తిరగబడి, చలే సాగు కాలమై ఎండలు దానికి ముగింపు పలుకుతాయి.

ఈ తోటల్లో ప్రసిద్ధమైనది స్ట్రాబెరీ. పగటి వేళ తగ్గి రాత్రులు చల్లబడినప్పుడే మొగ్గ తొడిగే రకాలను వానలు తగ్గుముఖం పట్టాక ఎత్తు మడులపై నాటి, బిందు సేద్యంతో నీరందించి, తేమ నిలవడానికీ కాయ మట్టికి తగలకుండా ఉండటానికీ మడిపై ప్లాస్టిక్ పట్టా పరుస్తారు. వేరుకూ ఆకుకూ నడుమనుండే పొట్టి కాండాన్ని, అంటే మొక్క మొదలును, సరిగ్గా నేల మట్టానికి ఉంచడం నాటడంలో అత్యంత కీలకం; అది లోతుకు దిగితే కుళ్ళుతుంది, పైకి తేలితే ఎండుతుంది. గాలి కదలని నిర్మల రాత్రుల్లో బరువైన చల్లగాలి పల్లానికి జారి నిలుస్తుంది కనుక లోయ అడుగుకన్నా వాలు నేలే లేత పూతకు క్షేమం.

లంబసింగితో పోలిస్తే, పీఠభూమిపై ఉన్న సిద్దిపేట జిల్లా కుకునూరుపల్లి ప్రాంతంలో చలి మరింత స్వల్పం, తేలిక. అక్కడ క్యాబేజీ, కాలీఫ్లవర్ వంటి కూరగాయలకు నవంబరు నుంచి జనవరి వరకు వాతావరణం బాగా అనుకూలిస్తుంది.