మురుగు బురద: ఇంధనంగా, ఎరువుగా మారిన చరిత్ర

పట్టణాల మురుగునీటిని శుద్ధి చేసేటప్పుడు అడుగున చేరే చిక్కని పదార్థాన్ని మురుగు బురద లేదా స్లడ్జ్ అంటారు. చిక్కనిదిగా కనిపించినా దానిలో సుమారు 97 శాతం నీరే. మిగిలిన ఘనపదార్థంలో కుళ్లే సేంద్రియ పదార్థం, నత్రజని, భాస్వరం ఉంటాయి, వాటితోపాటే రోగకారక క్రిములు, కర్మాగారాల నుంచి కొట్టుకొచ్చిన లోహాలూ ఉంటాయి. మేలూ కీడూ ఇలా ఒకేచోట కలిసి ఉండటం వల్లనే బురద వినియోగం ఒక తరంలో ముందుకు, మరొక తరంలో వెనక్కు నడిచింది.

ముందుగా వినియోగంలోకి వచ్చింది వాయువు. ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో డొనాల్డ్ కామెరాన్ 1895లో నిర్మించిన సెప్టిక్ ట్యాంకులో బురద కుళ్లగా వెలువడిన వాయువుతో ఆ ఆవరణలోనే దీపాలు వెలిగించారు. 1897లో బొంబాయి మాటుంగాలోని కుష్ఠురోగుల ఆశ్రమంలోనూ ఇటువంటి వాయువును సేకరించి వాడారు. జర్మనీలో కార్ల్ ఇంహోఫ్ 1906 ప్రాంతంలో రెండంతస్తుల తొట్టెను రూపొందించాడు. పై భాగంలో నీరు తేరుకుంటే, కింది భాగంలో బురద కుళ్లేది. 1920ల నాటికి బురదను వేరే మూసిన తొట్టెలో పోసి వెచ్చబెట్టే పద్ధతి, అంటే నేటి డైజెస్టర్, అక్కడ స్థిరపడింది.

డైజెస్టర్‌లో జరిగేదాన్ని అవాయు జీర్ణక్రియ అంటారు. ప్రాణవాయువు సోకని చోట ఒక జాతి సూక్ష్మజీవులు కొవ్వులను, మాంసకృత్తులను విడగొట్టి ఆమ్లాలుగా మార్చగా, మరొక జాతి ఆ ఉత్పన్నాల నుంచి మీథేన్‌ను పుట్టిస్తుంది. బురదను సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వేడిలో రెండు మూడు వారాలు ఉంచితే, దాదాపు 60 శాతం మీథేన్ ఉన్న బయోగ్యాస్ లభిస్తుంది. మీథేన్‌ను చేసే జీవులు నెమ్మదిగా పెరుగుతాయి. ఆమ్లం పేరుకుంటే వాటి పని ఆగిపోతుంది గనుక, డైజెస్టర్ నిర్వహణలోని నేర్పంతా వాటిని కాపాడుకోవడంలోనే ఉంది.

బురద పరిమాణాన్ని ఒక్కసారిగా పెంచిన మలుపు 1914లో మాంచెస్టర్‌లో వచ్చింది. ఎడ్వర్డ్ ఆర్డెర్న్, విలియం లాకెట్ సీసాలలో మురుగునీటిలోకి గాలి ఊదుతూ, శుద్ధి ముగిశాక నీటిని వంచి, అడుగున మిగిలిన బురదను పారబోయకుండా దానిమీదనే కొత్త మురుగు పోశారు. మొదట కొన్ని వారాలు పట్టిన శుద్ధి ఇలా పదేపదే చేయగా కొన్ని గంటలకు తగ్గింది. సూక్ష్మజీవులతో నిండిన ఈ బురదను యాక్టివేటెడ్ స్లడ్జ్ అన్నారు. వారి పరిశోధనకు దారిచూపిన గిల్బర్ట్ ఫౌలర్ 1916లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు ఆచార్యుడుగా వచ్చాడు. అమెరికాలోని మిల్వాకీ నగరం ఈ బురదను ఎండబెట్టి, 1926 నుంచి మిలోర్గనైట్ అనే పేరుతో ఎరువుగా అమ్మసాగింది; అది గోల్ఫ్ మైదానాల పచ్చికకు బాగా పనికివచ్చింది.

ఆ తర్వాతి దశాబ్దాలలో చవకైన రసాయన ఎరువులు, చమురు ఈ ప్రయత్నాలకు ఆదరణ తగ్గించాయి. అంతకు మించిన నష్టం కర్మాగారాల వ్యర్థజలం చేసింది: కాడ్మియం, సీసం వంటి భార లోహాలు బురదలో చేరడంతో పొలానికి వేయడమే ప్రమాదమైంది. అనేక నగరాలు బురదను పడవల్లో తీసుకెళ్లి సముద్రంలో కలిపేశాయి. న్యూయార్క్ 1992లో, బ్రిటన్ 1998లో ఆ పని మానుకున్నాయి. పొలాలకు వేసే బురదలోని లోహాలకు ఐరోపా 1986లోనూ అమెరికా 1993లోనూ పరిమితులు విధించాయి. సముద్రం దారి మూసుకుపోవడమే బురద విలువను మళ్లీ గుర్తుచేసిందనడం సబబు.

1995లో నార్వేలోని హామర్‌లో ఉష్ణ జలవిశ్లేషణ అనే పద్ధతి అమలులోకి వచ్చింది. దీనిలో బురదను అధిక పీడనంలో, సుమారు 165 డిగ్రీల ఆవిరితో అరగంట వరకు ఉడికించి, పీడనాన్ని హఠాత్తుగా తగ్గించడంతో కణాల గోడలు పగిలి, డైజెస్టర్‌లో జీర్ణక్రియ వేగవంతమవుతుంది, రోగక్రిములూ నశిస్తాయి. వాషింగ్టన్‌లోని బ్లూ ప్లెయిన్స్ కేంద్రం 2015లో ఈ పద్ధతిని చేపట్టి, దాదాపు 10 మెగావాట్ల విద్యుత్తును ఉత్పత్తి చేసే ఏర్పాటు చేసుకుంది.

భాస్వరం కథ శుద్ధి కేంద్రాల గొట్టాలలో మొదలైంది. మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ కలిసి ఏర్పడే స్ట్రువైట్ స్ఫటికాలు గొట్టాల లోపల రాయిలా గట్టిపడి ప్రవాహాన్ని అడ్డుకునేవి. ఆ స్ఫటికాలనే ప్రత్యేక తొట్టెలో పూసలుగా పెంచితే పంటకు మెల్లగా అందే ఎరువవుతుందని తేలాక, అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం వంటి చోట్ల అది వాణిజ్య ఉత్పత్తిగా మారింది. గనుల నుంచి తీసే ఫాస్ఫేట్ శిల కొద్ది దేశాలలోనే విస్తారంగా ఉన్నందున, దిగుమతులపై ఆధారపడే దేశాలకు ఇది చిన్న విషయం కాదు.

భారతదేశంలో నీటిని, బురదను ఒకే తొట్టెలో గాలి లేకుండా శుద్ధి చేసే యూఏఎస్‌బీ పద్ధతి 1980ల చివర కాన్పూర్‌లో ప్రవేశించింది; హైదరాబాదులోని అంబర్‌పేట కేంద్రంలోనూ అదే పద్ధతి నెలకొంది. చెన్నైలోని కొడుంగయ్యూర్ వంటి కేంద్రాలు డైజెస్టర్ వాయువుతో విద్యుత్తు తయారుచేశాయి.

భాస్వరాన్ని రాబట్టే చట్టాల విషయంలో ముందున్న దేశాలలో జర్మనీ ఒకటి. 2017 నాటి నిబంధన ప్రకారం, బురదలో భాస్వరం నిర్ణీత స్థాయిని మించితే, లక్షకు పైగా జనాభాకు సమానమైన మురుగును శుద్ధి చేసే కేంద్రాలు 2029 నుంచి, యాభై వేలు దాటిన కేంద్రాలు 2032 నుంచి ఆ భాస్వరాన్ని తప్పనిసరిగా తిరిగి రాబట్టాలి.