ఇంగ్లండ్ వెళ్తున్న విశాఖ కుటుంబాలకు అలర్ట్.. అక్కడ మార్కులు కాదు, పుట్టినతేదీతోనే తరగతి

విశాఖలో టెన్త్ పాసై, అమ్మానాన్నలతో ఇంగ్లండ్ వెళ్లే విద్యార్థి అక్కడ నేరుగా ఇంటర్‌లో చేరతాడా? చాలా ఇళ్లలో అలాగే అనుకుంటారు. కానీ వయసు 15 ఏళ్లే అయితే ఇంకో ఏడాది స్కూల్లోనే కూర్చోవాల్సి రావొచ్చు. అది కూడా సరిగ్గా అక్కడి బోర్డు పరీక్షల ఏడాదిలో!

ఇంగ్లండ్‌లో ఏ క్లాసో తేల్చేది సాధారణంగా టీసీ, మార్కుల మెమో కాదు.. పుట్టినతేదీ. సెప్టెంబర్ 1 నుంచి మరుసటి ఏడాది ఆగస్టు 31 లోపు పుట్టినవాళ్లంతా ఒకే బ్యాచ్. 2015 ఆగస్టు 31న పుట్టిన పాప, ఆ మర్నాడే పుట్టిన బాబు కంటే ఒక క్లాసు పైన ఉంటుంది. ఫెయిల్ చేసి అదే క్లాసులో ఉంచడం, డబుల్ ప్రమోషన్ ఇవ్వడం చాలా అరుదు.

నాలుగేళ్లు నిండాక వచ్చే సెప్టెంబర్‌లో రిసెప్షన్ క్లాసు, ఇది మన యూకేజీ లాంటిది. ఐదు నిండితే ఇయర్ 1. ఇయర్ 6 దాకా ప్రైమరీ, 11 ఏళ్లకు ఇయర్ 7తో సెకండరీ మొదలు. ఇయర్ 10, 11లో జీసీఎస్ఈ చదివి 16 ఏళ్లకు పరీక్షలు రాస్తారు. మన ఇంటర్‌కు దగ్గరగా ఉండే ఏ-లెవెల్స్ ఆ తర్వాతే. అందులో ఎంపీసీ, బైపీసీ గ్రూపులుండవు, ఎక్కువ మంది తమకు కావాల్సిన మూడు సబ్జెక్టులే తీసుకుంటారు.

కేంద్రీయ విద్యాలయాల్లో ఇప్పుడు ఆరేళ్లు నిండితేనే ఒకటో తరగతి. కాబట్టి అక్కడ రెండో తరగతి చదివే ఏడేళ్ల పాపను ఇంగ్లండ్‌లో ఇయర్ 3లో వేస్తే ప్రమోషన్ అని మురిసిపోనక్కర్లేదు, అది వయసు లెక్కే.

స్టేట్ సిలబస్‌లో ఐదేళ్లకే ఒకటిలో చేరినవాళ్లకు నంబర్ దాదాపు సరిపోతుంది. అసలు చిక్కు టెన్త్ దగ్గరే. 2010 జనవరిలో పుట్టి, 2025 మార్చిలో టెన్త్ రాసిన విద్యార్థికి ఆ సెప్టెంబర్‌కు 15 ఏళ్లు. అంటే ఇయర్ 11. తోటి పిల్లలు అప్పటికే ఏడాది సిలబస్ చదివేసి ఉంటారు, ఇంగ్లిష్ లిటరేచర్‌లో షేక్‌స్పియర్ నాటకంతో సహా. పరీక్షలేమో మే, జూన్‌లోనే. ఇంగ్లిష్, మ్యాథ్స్‌లో గ్రేడ్ 4 రాకపోతే 16 తర్వాత కూడా ఆ సబ్జెక్టులు వదలవు. అందుకే వీలుంటే ఇయర్ 9 ముగిసేలోపే పిల్లల్ని తీసుకెళ్లడం, లేదంటే ఇంటర్ ఇక్కడే పూర్తి చేయించడం మేలు.

ప్రభుత్వ స్కూళ్లలో ఫీజు ఉండదు. 'పబ్లిక్ స్కూల్' అన్న పేరు చూసి మాత్రం మోసపోవద్దు, అక్కడ ఆ పేరు ఖరీదైన ప్రైవేటు స్కూళ్లది! ఏడాది మధ్యలో వెళ్లేవాళ్లు ముందుగా లోకల్ కౌన్సిల్‌ను సంప్రదించాలి. ఇంటి పక్క స్కూల్లోనే సీటు దొరుకుతుందన్న గ్యారెంటీ లేదు. సెప్టెంబర్‌లో ఇయర్ 7లో చేరాలంటే అంతకు ముందు అక్టోబర్ 31లోపు, రిసెప్షన్‌కైతే జనవరి 15లోపు దరఖాస్తు చేయాలి.

ఇదంతా ఇంగ్లండ్ లెక్క. గ్లాస్గో, ఎడిన్‌బరో వెళ్లేవాళ్లకు స్కాట్లాండ్ పద్ధతి వేరు. అక్కడ ప్రైమరీ ఏడేళ్లు, సెకండరీ ఆరేళ్లు, స్కూళ్లు ఆగస్టులోనే తెరుస్తారు.