చేతులే తుడిచివేసిన సాక్ష్యం

1950ల మొదట్లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు బృహద్ధమనిని పట్టీలుగా కోసి పరీక్షించేవాడు. ఎసిటైల్‌కోలిన్ తగిలితే పట్టీ బిగుసుకునేది. శరీరంలోనేమో అదే పదార్థం రక్తనాళాలను సడలిస్తుంది! ఈ వైరుధ్యం పాతికేళ్లు తెగలేదు.

1978లో, బ్రూక్లిన్‌లోని ఆయన ప్రయోగశాలలో, సహాయకుడొకరు చెప్పిన క్రమం తప్పాడు. బిగుసుకోవలసిన నాళం సడలింది. మరొకరైతే పొరపాటని పారవేసేవారే. ఫర్చ్‌గాట్ వదలలేదు. ఒకే కణం మందమున్న ఎండోథీలియం అనే లోపొర, పట్టీలు కోసేటప్పుడు ఒరిపిడికి ఊడిపోయేదని తేలింది. పొర ఉంటే సడలింపు, పోతే బిగింపు. అన్నాళ్లూ సాక్ష్యాన్ని తన చేతులే తుడిచివేశాయన్నమాట.

1980లో జవాడ్‌స్కీతో కలిసి దీన్ని ప్రకటించాడు. పొర పంపే దూత నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు. అది కండర కణాల పట్టు సడలిస్తుంది. పొగతాగడం, మధుమేహం, వయసు ఆ పొరను దెబ్బతీస్తే వాయువు తగ్గి ధమని బిరుసెక్కుతుంది. సాగే పీచు అరిగిపోవడం మరొక కారణం.

1998 నోబెల్ ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు దక్కింది. 1987లో ఆ దూతను పట్టిచూపిన వారిలో ముఖ్యుడు మొంకాడాకు చోటు లేకపోవడం నేటికీ వెలితిగానే ఉంది. 1896లో, చివరి రోజుల్లో, ఆల్ఫ్రెడ్ నోబెల్‌కు గుండెజబ్బుకు వైద్యులు రాసిన మందు నైట్రోగ్లిజరిన్: ఆయన డైనమైట్‌లోని సరుకే. ఒంట్లో అది విడిచేదీ ఈ వాయువునే.