తలకు తీవ్ర గాయం: శస్త్రచికిత్స వేళ రక్తపోటు పడిపోకుండా చూడటమే కీలకం

రాయ్‌పూర్: ఛత్తీస్‌గఢ్ రాజధాని మీదుగా సాగే 30వ నంబరు జాతీయ రహదారి జగ్దల్‌పూర్, భద్రాచలం దాటి విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం చేరుతుంది. ఇటువంటి రహదారులపై తలకు తీవ్రంగా గాయపడినవారిలో పలువురికి అత్యవసర శస్త్రచికిత్స తప్పనిసరి అవుతుంది. 2012లో ప్రారంభమైన రాయ్‌పూర్ ఎయిమ్స్ వంటి పెద్ద ఆసుపత్రులలో ఆ సమయాన మత్తువైద్యుల ప్రధాన బాధ్యత రక్తపోటును నిలపడమే.

గ్లాస్గో కోమా స్కేలుపై 8 లేదా అంతకంటే తక్కువ వస్తే తీవ్ర గాయంగా పరిగణిస్తారు. అట్టివారిలో సిస్టాలిక్ రక్తపోటు ఒక్కసారి 90 మి.మీ. కంటే తగ్గినా మరణాల ముప్పు దాదాపు రెట్టింపవుతుందని అమెరికాలో 717 మందిపై జరిపి 1993లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. 2016 నాటి బ్రెయిన్ ట్రామా ఫౌండేషన్ మార్గదర్శకాల ప్రకారం 50-69 ఏళ్ల వారిలో కనీసం 100, 15-49 ఏళ్ల వారిలోనూ 70 దాటిన వారిలోనూ కనీసం 110 మి.మీ. ఉండాలి.

ఎందుకు పడిపోతుంది?

పుర్రె లోపల ఒత్తిడి పెరిగినప్పుడు మెదడుకు రక్తం అందించేందుకు శరీరం రక్తపోటును తానే పెంచుతుంది. ఈ పెరుగుదల చాటున రక్తనష్టం కనిపించకపోవచ్చు. శస్త్రవైద్యులు మెదడు పైపొరను తెరవగానే లోపలి ఒత్తిడి తగ్గి, ఆ ప్రేరణ ఆగిపోయి, రక్తపోటు హఠాత్తుగా కుప్పకూలుతుంది. మత్తుమందు ప్రభావం కూడా దీనికి తోడవుతుంది. పెద్దవారిలో కేవలం తలగాయం వల్ల ఆరంభంలోనే షాక్ రావడం అరుదు. కనుక ఛాతీ, కడుపు, కటి భాగం, తొడ ఎముకల వద్ద రక్తస్రావం ఉందేమో వెతకాలి.

ముందుజాగ్రత్తలు

పైపొర తెరవకముందే కోల్పోయిన ద్రవాన్ని, రక్తాన్ని భర్తీ చేయాలి. ధమనిలో గొట్టం అమర్చి రక్తపోటును క్షణక్షణం గమనించాలి. నార్ అడ్రినలిన్ సిద్ధంగా ఉంచుకోవాలి. ఒత్తిడిని ఒక్కసారిగా కాక క్రమంగా తగ్గించేలా శస్త్రవైద్యునితో సమన్వయం అవసరం. ద్రవాల్లో సాధారణ సెలైన్ మేలు. ఆల్బుమిన్ పొందినవారిలో రెండేళ్లలో 33.2 శాతం, సెలైన్ పొందినవారిలో 20.4 శాతం మరణించినట్లు 2007లో వెలువడిన సేఫ్ అధ్యయన విశ్లేషణ తెలిపింది. మానిటాల్ మూత్రం ద్వారా ద్రవాన్ని బయటకు పంపుతుంది గనుక, రక్తపోటు తక్కువగా ఉన్నవారికి గాఢ సెలైన్ అనుకూలం.

ఈ రక్షణ రహదారిపైనే మొదలవుతుంది. నెత్తిమీది గాయం నుంచి రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి, వెంటనే 108కు ఫోన్ చేయాలి. పుర్రె విరిగినట్లు అనిపిస్తే మాత్రం గాయాన్ని గట్టిగా నొక్కరాదు.