జీర్ణాశయ శస్త్రచికిత్స - శరీర బరువు

జీర్ణాశయంలో కొంత భాగాన్ని గాని, మొత్తాన్ని గాని తొలగించే శస్త్రచికిత్సను గ్యాస్ట్రెక్టమీ అంటారు. క్యాన్సర్, మానని పుండ్లు, స్థూలకాయం వంటి కారణాలతో ఈ శస్త్రచికిత్స చేస్తారు. కారణం ఏదైనా, ఆ తరువాత బరువు తగ్గడం, ఆహారపు అలవాట్లు మారడం సాధారణం. క్యాన్సర్ రోగి విషయంలో బరువు తగ్గడం ఒక సమస్య. స్థూలకాయుల విషయంలో అదే చికిత్స లక్ష్యం.

చరిత్ర

1881లో వియన్నాలో థియోడార్ బిల్‌రోత్ క్యాన్సర్ సోకిన జీర్ణాశయ భాగాన్ని విజయవంతంగా తొలగించాడు. 1897లో జ్యూరిచ్‌లో కార్ల్ ష్లాటర్ జీర్ణాశయాన్ని పూర్తిగా తొలగించాడు. పుండ్ల కోసం ఈ శస్త్రచికిత్స చేయించుకున్నవారు బరువు తగ్గడాన్ని అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ వైద్యుడు ఎడ్వర్డ్ మేసన్ గమనించాడు. దాని ఆధారంగా 1966లో స్థూలకాయానికి గ్యాస్ట్రిక్ బైపాస్ పద్ధతిని ప్రారంభించాడు.

బరువు తగ్గే విధానం

స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ పద్ధతిలో జీర్ణాశయంలో సుమారు 75 నుండి 80 శాతం తొలగించి, మిగిలినదానిని సన్నని గొట్టంలా ఉంచుతారు. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో జీర్ణాశయపు పైభాగాన్ని చిన్న సంచిగా వేరుచేసి, దానిని చిన్నప్రేగుకు కలుపుతారు. అందువలన కొద్దిపాటి ఆహారంతోనే కడుపు నిండుతుంది.

అయితే జీర్ణాశయం చిన్నది కావడం ఒక్కటే కారణం కాదు. ఆకలిని పెంచే ఘ్రెలిన్ అనే హార్మోను ప్రధానంగా జీర్ణాశయపు పైభాగంలో తయారవుతుంది. దీనిని 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. స్లీవ్ పద్ధతిలో ఆ భాగం పోవడం వలన ఆకలి తగ్గుతుంది. బైపాస్ తరువాత ఆహారం త్వరగా ప్రేగులోకి చేరి, కడుపు నిండిన భావన కలిగించే జిఎల్‌పి-1 వంటి హార్మోన్లు ఎక్కువగా విడుదలవుతాయి.

ఆహారపు అలవాట్లు

మొదట ద్రవాహారం, తరువాత మెత్తని ఆహారం, కొన్ని వారాల తరువాత ఘనాహారం ఇస్తారు. రోజుకు రెండు, మూడు పెద్ద భోజనాలకు బదులు కొద్దికొద్దిగా పలుమార్లు, బాగా నమిలి తినవలసి ఉంటుంది. భోజనంతో పాటు నీరు ఎక్కువగా త్రాగరాదు. కొద్దిగానే తినగలరు కనుక పప్పు, గుడ్డు, పెరుగు వంటి మాంసకృత్తులున్న పదార్థాలకు ప్రాధాన్యం ఇవ్వాలి. తీపి పదార్థాలు త్వరగా ప్రేగులోకి జారినపుడు కడుపునొప్పి, విరేచనాలు, గుండెదడ, చెమటలు కలుగవచ్చు. దీనిని డంపింగ్ సిండ్రోమ్ అంటారు.

పోషకాల లోపం

విటమిన్ బి12 శరీరానికి అందడానికి అవసరమైన ప్రోటీను జీర్ణాశయంలోనే తయారవుతుంది. కాలేయంలోని నిల్వల వలన ఈ లోపం కొన్ని సంవత్సరాల తరువాత గాని బయటపడకపోవచ్చు. అప్పటికి రక్తహీనత, కాళ్ళుచేతుల తిమ్మిర్లు మొదలుకావచ్చు. జీర్ణాశయం పూర్తిగా తొలగించినవారు జీవితాంతం బి12 తీసుకోవాలి. ఈ విటమిన్ సహజంగా జంతు సంబంధ ఆహారంలోనే లభిస్తుంది కనుక శాకాహారులు మరింత జాగ్రత్త వహించాలి. ఇనుము, కాల్షియం, విటమిన్ డి లోపాలు కూడా కలుగవచ్చు.

స్థూలకాయ శస్త్రచికిత్స తరువాత బరువు సాధారణంగా ఒకటి రెండు సంవత్సరాల వరకు తగ్గుతుంది. పిదప కొందరిలో కొంత బరువు తిరిగి పెరుగుతుంది. బాగా ఉన్నామని భావించినా క్రమం తప్పక రక్తపరీక్షలు చేయించుకోవడం అవసరం.