పుట ప్రక్కన చోటు

నేడు ఏ వెబ్‌సైటు తెరచినను నడుమ చదువదగిన విషయమును, దాని ప్రక్కన సన్నని నిలువుపట్టీయు తరచుగా కానవచ్చును. ఈ ప్రక్కపట్టీకే సైడ్‌బార్ అని పేరు. చదువవచ్చినవాడు చదువుకొని పోవును. పోకముందే వానిచేత పేరును, ఫోను నంబరును వ్రాయించుకొనుట ఈ పట్టీ పని. అట్లు దొరకిన పేరును వ్యాపారులు 'లీడు' అందురు. లీడు కొనుగోలుదారు కాదు, కొనునేమో అను ఆశ కలిగించినవాడు మాత్రమే. గన్నవరము ప్రక్కనున్న కేసరపల్లిలో మేధా టవర్స్ వంటి భవనములలో కంప్యూటరు పనులు చేయు యువకులకు ఈ మాట క్రొత్తది కాదు. కాని ఈ విద్య కంప్యూటరుతో పుట్టినది కాదు. దీనిని చక్కగా ఎరిగిన వ్యక్తి ఒకరు ఈ కృష్ణా జిల్లాలోనే పుట్టిరి.

పామర్రు సమీపమునందలి ఎలకుర్రులో 1867లో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును తయారుచేసి అమ్మనారంభించిరి. పేరెరుగని మందును, ఊరు కాని ఊరిలో ఎవరు కొందురు? పంతులుగారు సంగీత సభలలో శ్రోతలకు దానిని ఉచితముగా పంచిపెట్టించిరి. ఇది దానమువలె కనబడును గాని, ఇందులో మంచి లెక్క కలదు. గంటల తరబడి కదలక కూర్చున్నవానికి తల బరువెక్కుట సహజము. పాటగాని ప్రజ్ఞను బట్టి కొంత ముందుగానే బరువెక్కవచ్చును! ఇట్టి మందులలోని మెంథాలు, చర్మమునందు చలిని గుర్తించు నాడుల కొనలను ప్రేరేపించును. కావున పూసిన కొలది నిమిషములలోనే చల్లదనము తెలియును. శ్రోత వచ్చిన పని మానకుండ, కూర్చున్న చోటనే సరుకును పరీక్షించుకొనెను. సభకు ముఖ్యము పాట. మందు ప్రక్క విషయము. నేటి ప్రక్కపట్టీకి ఇంతకంటె దగ్గరి పోలిక నాకు కనబడదు.

1907 నాటి సూరత్ కాంగ్రెసు తరువాత పంతులుగారికి తెలుగు పత్రిక ఆవశ్యకత తోచెను. 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడెను. 1914లో మద్రాసున దినపత్రిక ఆయెను. మందు సంపాదించిన ధనము పత్రికను నిలబెట్టెను. పత్రిక మందు పేరును తెలుగు పల్లెలకు చేర్చెను. వార్తకును ప్రకటనకును ఈ చుట్టరికము మన దేశమున మొదటి నుండియు ఉన్నదే. 1780లో కలకత్తాలో హికీ స్థాపించిన పత్రిక పేరులోనే 'అడ్వర్టైజర్' అను మాట కలదు.

అయితే ప్రకటన చదివిన పల్లెటూరివాడు తన కోరికను దూరపు వ్యాపారికి తెలుపుట ఎట్లు? ఇచట తపాలా శాఖ తోడ్పడెను. మన దేశమున 1877లో వి.పి.పి., 1879లో పావు అణా కార్డు, 1880లో తపాలా మనియార్డరు వచ్చెను. కార్డు వ్రాసినచో ధరల పట్టిక వచ్చును. సరుకు కావలెనన్నచో వి.పి.పి.లో తెప్పించి, పోస్టుమాను చేతికి సొమ్మిచ్చి పుచ్చుకొనవచ్చును. ఆ కార్డే ఆనాటి లీడు. దానిని పాఠకుడు తన చేతితో, తన ఖర్చుతో వ్రాసెను గనుక అది గట్టి లీడు.

అమెరికాలో క్లాడ్ హాప్కిన్సు అను ప్రకటనల రచయిత దీనిని లెక్కలోనికి దించెను. ప్రకటన మూలన కత్తిరించి పంపవలసిన కూపను ఉండును; దానిపై ఏ పత్రికలోనిదో, ఏ ప్రకటనలోనిదో తెలుపు గుర్తు ఉండును. వచ్చిన కూపన్లు లెక్కించినచో ఏ మాట పనిచేసినదో, ఏది చేయలేదో తెలియును. 1923లో ఆయన ప్రచురించిన 'సైంటిఫిక్ అడ్వర్టైజింగ్' అను గ్రంథమునకు ఈ పరీక్షలే ప్రాణము. ఊహకు బదులు పరీక్ష వచ్చెను గనుక ఆ పేరు అంత అనుచితము కాదు.

ఇక వెబ్ సంగతి. 1994 అక్టోబరు 27న హాట్‌వైర్డ్ అను సైటులో పటముల ప్రకటన వెలసినపుడు చూచినవారిలో నూటికి 44 మంది దానిని నొక్కిరని చెప్పుదురు. వింత త్వరలోనే పాతబడెను. 1998లో రైస్ విశ్వవిద్యాలయమునకు చెందిన బెన్వే, లేన్ అను పరిశోధకులు ఒక విచిత్రము గమనించిరి: ప్రకటన వలె రంగులు పూసికొని ఉన్నదానిని, తాము వెదకు సమాచారము అందులోనే ఉన్నను, జనులు చూడకయే దాటిపోవుచున్నారు. దీనికి 'బ్యానరు అంధత్వము' అని పేరు పెట్టిరి. 2006లో జేకబ్ నీల్సన్ 232 మంది కనుచూపును యంత్రముతో గుర్తింపగా, చూపు ఎఫ్ అక్షరము ఆకారమున, పైని రెండు అడ్డగీతలుగను, ఎడమ అంచున నిలువుగను పోవుచున్నట్లు తేలెను. కుడి ప్రక్క తరచుగా ఎండు భూమియే. గూగులు సంస్థ 2000లో వెదకుడు ఫలితముల కుడి వైపున పెట్టనారంభించిన చిన్న ప్రకటనలను 2016 ఫిబ్రవరిలో కంప్యూటరు తెరలపై తీసివేసినది.

అట్లని ప్రక్కపట్టీ వ్యర్థమనరాదు. నాటుకోళ్ళ తెగుళ్ళపై వ్యాసము చదువుచున్న రైతు ప్రక్కన ఫ్లాట్ల ప్రకటన ఉన్నచో వాని చూపు నిలువదు. అచటనే 'కోళ్ళకు ఏ వయస్సున ఏ టీకా వేయవలెనో తెలుపు పట్టిక ఉచితము' అని ఉన్నచో నిలుచును. అది వాడు వచ్చిన పనికి సంబంధించినది. ప్రకటన వలె కాక వ్యాసములో ఒక భాగము వలె నుండును. పట్టిక పంపుటకు ఫోను నంబరొక్కటి చాలును. పేరు, ఊరు, ఆదాయము, పుట్టిన తేదీ అన్నియు అడిగినచో రైతు వ్యాసము సైతము వదలి పోవును, పోవుట న్యాయమే.

కార్డు ముక్కకును నేటి ఫారమునకును ఒక పెద్ద భేదమున్నది. కార్డుపై వ్రాసినది ఒక దుకాణమునకు పోయెను. ఫారములోని నంబరు క్షణములో పదిమంది చేతులు మారవచ్చును. టీకాల పట్టిక కోరినవానికి అప్పు ఇత్తుమని, స్థలము అమ్ముదుమని ఫోనులు మ్రోగుట ఇందువలననే. 2023లో పార్లమెంటు చేసిన డిజిటలు వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ప్రకారము, సమ్మతి ఆధారముగా సమాచారము తీసికొనువాడు అది ఎందులకో ముందుగా తెలుపవలెను. ఆ సమ్మతి ఇచ్చుట ఎంత సులువో, వెనుకకు తీసికొనుటయు అంత సులువుగా ఉండవలెను.

చేతిఫోను తెర సన్ననిది గనుక అందులో పుటకు ప్రక్క అనునదే మిగులదు. ప్రక్కపట్టీ సాధారణముగా వ్యాసము క్రిందికి దిగిపోవును. దానిని చూచువాడు వ్యాసము చివరివరకు చదివినవాడే.